హిమయాత్రకు స్థలనిర్ణయము



మా గణపవరమున ఎత్తనగా కాలువగట్టు, లోతనగా చేపలచెరువు. అంతకు మించిన మిట్టపల్లములను మేమెఱుగము. 1999 లో కొల్లేటి అభయారణ్యమునకు ప్రభుత్వమువారు హద్దు నిర్ణయించినప్పుడు అయిదడుగుల కాంటూరును గీతగా గైకొనిరన్నచో, మా నేల యెంత చదునైనదో మీరే యూహింపగలరు. ఇట్టి నేలపై పుట్టి పెరిగిన దంపతులము రెండున్నర వేల మీటర్ల యెత్తున, మంచువాలుపై, కాళ్లకు పొడవైన బద్దలు బిగించుకొని జాఱుటకు పోయితిమన్న మీకు నవ్వు వచ్చును. నవ్విన పిదప, ఏల పోయితిమో, ఎచటికి పోవలెనో యెట్లు నిర్ణయించుకొంటిమో వినుడని మనవి. ఏలయన, మా యాత్రలో సగము పని ఆ నిర్ణయములోనే జరిగినది.

2023 కార్తికమాసమున ఒక పెండ్లి చూచుకొని నిడమఱ్ఱు వైపునుండి రాత్రివేళ స్కూటరుపై తిరిగివచ్చుచుంటిమి. చేపల లారీలు కార్చిన నీటికి గట్టుమీది దారి బురదయై యుండెను. మలుపువద్ద మావారు బ్రేకు వేసిరి గాని బండి ఆగలేదు. జాఱి పడితిమి. వారికి మోచేయి గీచుకొనిపోయెను. మాకు కుడి భుజపుటెముక చిట్లెను. మూడు నెలలలో ఎముక అతుకుకొన్నది. కాని మావారు మఱల మమ్ము బండిపై వెనుక నెక్కించుకొనలేదు. బడికి సైకిలుపై పోవుచుండిరి. తాడేపల్లిగూడెము పోవలసి వచ్చినచో బస్సెక్కుదమనుచుండిరి. స్కూటరు వసారాలో గుడ్డ కప్పుకొని యుండెను. అదేమని మేమడుగలేదు, వారు చెప్పలేదు. నిజము చెప్పవలెనన్న, బస్సు దొరకినందుకు మేమును లోలోన సంతోషించితిమి. ఈ విధముగా ఒకరి భయమును ఒకరు కాపాడుచు సంవత్సరము గడపితిమి.

భయము ఒకచోట నిలుచునది కాదు. మావారు పిల్లవానిని కాలువలో ఈతకు పోనీయరైరి. మేము అటకమీది జాడీ దింపుటకు పీట యెక్కుట మానితిమి. ఆకాశమున మబ్బు కనబడినచో ఇరువురమును ప్రయాణము మానుకొనుటకు ఒక మంచి కారణము దొరకినట్లు తలచుచుంటిమి.

ఆ పై దసరాకు, ఢిల్లీలో ఉద్యోగము చేయుచున్న మా అక్కగారి కుమారుడు వచ్చెను. వసారాలో గుడ్డ కప్పిన బండిని చూచి, సంగతి గ్రహించి, "పిన్నీ, మీరిరువురు ఒకమారు మంచుపై స్కీయింగు నేర్చుకొనుడు. అచట జాఱుటయే పని. పడినను మంచుమీదనే కదా!" యని నవ్వెను. నవ్వులాటకన్నమాట మావారికి నచ్చినది. వెంటనే మావైపు తిరిగి, చోటు నీవే నిర్ణయింపు మనిరి. పదునాఱేండ్ల సంసారములో వంకాయయా బెండకాయయా యను నిర్ణయమే గాని మఱియొకటి మా వంతునకు రాలేదు. ఏమడిగినను "మీ యిష్టము" అనుట మాకలవాటు. ఈసారి ఆ మాట నోటివఱకు వచ్చి, ఏలనో ఆగిపోయినది.

కొందఱు మంచు కావలసినచో లంబసింగికి పొండనిరి. చింతపల్లి మన్యములోని ఆ యూర శీతకాలమున పచ్చికపై మంచుబిందువులు గడ్డకట్టుట నిజమే. కాని అది పేరుకొనియుండు మంచు కాదు, దానిపై జాఱుట కుదరదు. స్కీయింగునకు హిమాలయమునకే పోవలెను. అందులో వాడుకలోనున్న స్థలములు ముఖ్యముగా మూడు: కాశ్మీరమున గుల్‌మార్గు, ఉత్తరాఖండమున ఔలి, హిమాచలప్రదేశమున మనాలికి ఎగువనున్న సోలంగు లోయ.

మావారి మనసు గుల్‌మార్గుపై నుండెను. అది సుమారు 2,650 మీటర్ల యెత్తుననున్న పచ్చికమైదానము. 1927 లో ఆంగ్ల సైనికోద్యోగులు అచట స్కీ క్లబ్బు స్థాపించిరి. నేటికిని మన దేశమున ఈ క్రీడకు అదియే ప్రధానస్థానము. 2022 బీజింగు శీతకాల ఒలింపిక్సునకు మన దేశమునుండి పోయిన ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఆ ప్రాంతమువాడే. అచటి తీగబండి రెండంచెలది. 2005 లో తెఱచిన రెండవ యంచె అఫర్వత్ కొండపై నాలుగువేల మీటర్ల దాపునకు మనుష్యులను కొనిపోవును. మావారు రాత్రులు ఫోనులో ఆ పై కొమ్మునుండి జాఱువారి దృశ్యములే చూచుచుండిరి.

మేము విచారింపగా, గుల్‌మార్గులో క్రొత్తవారికి తగిన మెత్తని వాలులు క్రింద మైదానముననే కలవనియు, పై యంచె అనుభవజ్ఞులకేగాని ఇతరులకు తగదనియు, అచట మంచుచఱియలు విఱిగిపడు ప్రమాదము కలదనియు తెలిసినది. మేము క్రింది వాలులనుగూర్చి చెప్పునప్పుడు మావారు పై యంచెనుగూర్చియే మాటాడుచుండిరి. అప్పుడు మాకొక సంగతి బోధపడినది. బెదరినవారు తమ బెదరును ఒక్క దెబ్బతో పోగొట్టుకొనవలెనని అన్నిటికంటె పెద్దదానిమీదికి పోజూతురు. అది నెగ్గినచో మంచిదే. నెగ్గనిచో, గట్టుదారిమీద పోయిన కొలది ధైర్యమునకు తోడు మిగిలినదియు పోవును. ఈ మాట వారితో అనలేదు. అన్నచో, నీవు భయపడితివన్నట్లే యగును.

రెండవది ఔలి. అచటికి జోషీమఠము మీదుగా పోవలెను. శంకరభగవత్పాదుల జ్యోతిర్మఠము ఉన్నది అచటనే. శీతకాలమున బదరీనాథుని గుడి మూసియుండగా ఆచార్యులవారి గద్దెను అచటి నృసింహాలయమున నుంతురు. ఔలి వాలులనుండి 7,816 మీటర్ల నందాదేవి శిఖరము కనబడును. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారు భోజనము, వసతి, పనిముట్లు, గురువుతో సహా ఏడుదినముల పాఠమును పదునాలుగు దినముల పాఠమును పెట్టియున్నారు. స్త్రీలకు ఇంతకంటె నిశ్చింతయైన ఏర్పాటు మఱొకటి కనబడలేదు. చిన్ననాడు తండ్రిగారియొద్ద స్తోత్రములు చదివిన మాకు మనసంతయు అటే లాగినది.

కాని రెండు అడ్డములు వచ్చినవి. 2023 జనవరిలో జోషీమఠమున నేల క్రుంగి, ఎనిమిది వందలకు పైగా కట్టడములు బీటలు వాఱినవి. జోషీమఠమునుండి ఔలికి పోవు నాలుగు కిలోమీటర్ల తీగబండిని అప్పుడే ఆపివైచిరి. పోయినవారిని తప్పుపట్టము. అచటివారికి యాత్రికులే జీవనాధారము. అయినను నేలయే నమ్మకము కోలుపోయిన యూరిమీదుగా, మేము పోగొట్టుకొన్న నమ్మకమును వెదకుకొనుచు పోవుటకు మనసొప్పలేదు. రెండవ యడ్డము లెక్కలోనిది. హరిద్వారమో ఋషీకేశమో చేరిన పిదప జోషీమఠమునకు ఒక పగలంతయు కొండదారి. రానుపోను దినములు తీసివేయగా ఏడుదినముల పాఠమునకు మాకు వ్యవధి మిగులదు.

ఇచట సెలవుల సంగతి చెప్పవలెను. బడిపంతులుగారి భార్యకు పంచాంగము రెండు విధములు: తిథివారనక్షత్రముల దొకటి, బడిసెలవుల దొకటి. స్కీయింగునకు మంచి కాలము జనవరి నడిమినుండి ఫిబ్రవరి చివరివఱకు. ఫిబ్రవరిలో పదవతరగతి పిల్లలను విడిచి మావారు కదలరు. కనుక 2025 జనవరి 10 నుండి 19 వఱకు వచ్చిన సంక్రాంతి సెలవులే దిక్కు. అప్పటికి మంచు పడియుండునో లేదో ఎవ్వరును చెప్పజాలరు. 2024 జనవరిలో గుల్‌మార్గులోనే నెలలో హెచ్చుభాగము నేల బోసిగా నుండి, నెలాఖరునకు గాని మంచు కురియలేదు. కావున మంచు లేకపోయినను వ్యర్థముకాని చోటు కావలెనని ఒక నియమము పెట్టుకొంటిమి.

అట్లు వెదకగా మూడవదియైన సోలంగు మిగిలినది. మనాలి సుమారు 2,050 మీటర్ల యెత్తున నుండును. దానికి పదుమూడు కిలోమీటర్ల యెగువన, సుమారు 2,500 మీటర్ల యెత్తున సోలంగు. ఢిల్లీలో సాయంకాలము బస్సెక్కినచో మఱునాటి ఉదయమునకు మనాలి చేరవచ్చును. వాలు చిన్నది. ప్రవీణులైనవారు దానిని చూచి పెదవి విఱుతురు. వారాంతములందు సంత వలె నుండును. ఇవి దోషములే. కాని మంచు లేకపోయినచో, 2020 లో తెఱచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగము దాటి లాహుల్ వైపునకు పోయి చూడవచ్చును. అదియు కుదరనిచో దేవదారు వనములో హిడింబాదేవి గుడి, వశిష్ఠమను గ్రామమున వేడినీటి బుగ్గలు కలవు. అంతేకాక, 2018 లో టర్కీలో జరిగిన పోటీలో కంచుపతకము గెలిచి, అంతర్జాతీయ స్కీపోటీలో మన దేశమునకు మొదటి పతకము తెచ్చిన ఆంచల్ ఠాకూర్ సోలంగు దాపుననున్న బురువా గ్రామపు బిడ్డ. ఒక యాడుపిల్ల ఆ చిన్న వాలునుండి అంత దూరము పోగలిగినప్పుడు, ఆ వాలు మాకు చిన్నదగునా?

మావారితో వాదించుట మాకలవాటు లేదు. పిల్లల వ్యాసపుస్తకములలో మిగిలిన తెల్లకాగితము నొకదానిని తీసి గళ్లు గీచితిమి. దినముల లెక్క, వాలు మెత్తదనము, నేర్పువారు, మంచు లేనిచో గతి, వాలునుండి గదికి దూరము అను అయిదు అంశములకు పదేసి మార్కులు. మూడు స్థలములకును మార్కులు వేసి, దిద్దవలసిన పుస్తకముల దొంతరపై నుంచితిమి. మావారు ఎఱ్ఱసిరా కలము తీసికొని యథాభ్యాసముగా కూడిక సరిచూచిరి. ఔలికి రెండు మార్కులు తక్కువ కూడితిమని దిద్దిరి. అయినను సోలంగే ముందుండెను. కొంతసేపు కాగితమువైపు చూచి, "గుల్‌మార్గునకు ఎత్తు చాలినది, మార్కులే చాలలేదు" అని నవ్విరి. ఆ నవ్వు విని చాలనాళ్లయినది.

స్థలము కుదిరిన పిదప బస. ఇది మఱింత ముఖ్యమని స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. హిందీ ప్రచారసభవారి "రాష్ట్రభాష" పరీక్ష వఱకు చదివిన మా హిందీతో, వరుసగా పదునొకండు హోటళ్లకు ఫోను చేసితిమి. మొదటి ఫోనుకు చేయి వణకినది. మా గ్రంథపు హిందీకి అవతలివారు నవ్వినట్లుండెను. ఆరవ ఫోనునకు మేమే నవ్వితిమి. అడుగవలసినవి యేవో అనుభవమున తెలిసినవి. మీకును ఉపయోగింపవచ్చునని వ్రాయుచున్నాము.

గదిలో వేడి యెట్లు? హీటరునకు వేఱుగ రుసుము కలదా? కరెంటు పోయినచో జనరేటరుపై హీటరు నడచునా, దీపము మాత్రమే వెలుగునా? స్నానమునకు వేడినీరు ఏ వేళలందు వచ్చును? గొట్టములలో నీరు గడ్డకట్టిన దినమున బకెట్లతో తెచ్చి యిత్తురా? కిటికీ యెటువైపు తెఱచుకొనును? మంచుదేశమున దక్షిణపు గది పగలంతయు ఎండ త్రాగును, ఉత్తరపు గది అయిసుపెట్టె వలె నుండును. తడిసిన మేజోళ్లు, చేతితొడుగులు ఆరవేయుటకు పొయ్యి కలదా? తడిమేజోళ్లతో రెండవదినము వాలుపైకి పోవుట కష్టము. శాకాహారము వేఱుపాత్రలలో వండుదురా? మంచు పడి దారి మూసినచో ఇచ్చిన సొమ్ములో ఏమి తిరిగి యిత్తురు?

అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న కడపటిది: నడుమ ఒకరికి చాలుననిపించినచో, ఎవరి సాయము లేకుండ నడచి గదికి తిరిగి రాగలమా? మనాలి మాల్ రోడ్డు హోటళ్లు అందమైనవి, అంగళ్లకు దగ్గఱ. కాని అచటినుండి వాలునకు కారులో పోవలెను. పెద్దమంచు పడినచో పోలీసువారు సామాన్యపు బండ్లను దారిలోనే నిలిపివైతురు. మేమిట్లు విచారించుచుండగనే, 2024 డిసెంబరు చివరివారమున సోలంగు దారిలో మంచు కురిసి వేలకొలది యాత్రికులు బండ్లలో చిక్కుకొనిరనియు, రాత్రివేళ వారిని తప్పించిరనియు వార్త వచ్చినది. వాలు పాదముననే పెద్ద హోటళ్లు కలవు గాని వాని వెల మా జీతమునకు మించినది. కడకు వాలునకు నడకదూరములో, గ్రామములో, ఱాతివరుస మీద దేవదారు దూలపు వరుసగా పాతపద్ధతిని కట్టిన యొక చిన్న యింట గది కుదిరినది. ఆ యింటి యిల్లాలే ఫోనులో మాటాడినది. మా కడపటి ప్రశ్నకు ఆమె, పొలమునుండి యింటికి వచ్చినట్లు రావచ్చుననెను. ఆ యొక్కమాటతో బస నిర్ణయమైనది.

ఇక మా అత్తగారి అనుమతి. పండుగపూట కోడలు ఇంట లేకపోవుటయా యని మొదట ముఖము చిన్నబుచ్చుకొనిరి. పిదప, "హిమాలయమునకు ఆలుమగలు కలసి పోయినవారు తిరిగి వచ్చినట్లు భారతములో లేదే" యనిరి. మహాప్రస్థానమున ద్రౌపది ముందుగా పడిపోయినదనియు, ధర్మరాజు వెనుదిరిగి చూడలేదనియు వారి యభిప్రాయము. మేము అరణ్యపర్వము జ్ఞాపకము చేసితిమి. అందులోను పాండవులు హిమాలయమునకు పోయిరి, ద్రౌపది సొమ్మసిల్లి పడెను. అప్పుడు హిడింబ కొడుకు ఘటోత్కచుడు వచ్చి మోసికొనిపోయెను. అందఱును తిరిగి వచ్చిరి. ఆ హిడింబ గుడి మేము పోవు మనాలిలోనే కలదంటిమి. అత్తగారు సంతోషించి, పిల్లలను, గొబ్బెమ్మలను తాము చూచుకొందుమనిరి. మా భుజమును చూచిన వైద్యుని అనుమతియు పొంది, 9వ తేది సాయంకాలము బయలుదేరితిమి.

12వ తేది ఉదయమున మనాలి చేరి, ఆ దినము వాలువైపు పోలేదు. సముద్రమట్టపు మనుష్యులు ఒక్కమారుగా ఎత్తునకు పోయినచో తలనొప్పియు వికారమును కలుగవచ్చును. ఒక పగలు విశ్రాంతిగా తిరుగుట మంచిది. 1553 లో కుళూరాజు బహదూర్ సింగు కట్టించిన హిడింబాదేవి కొయ్యగుడి చూచి, అత్తగారి పేర మ్రొక్కు చెల్లించి, సాయంకాలమునకు గ్రామము చేరితిమి.

మఱునాడు భోగి. మా యింటిముందు మంట వేయువేళకు ఇచట ఇనుపపొయ్యిచుట్టు కూర్చుండి టీ త్రాగి, వాలునకు పోయితిమి. చీర విడిచి దళసరి లాగు, కోటు తొడుగుకొంటిమి. మొదట సిగ్గనిపించినది. అందఱును అదే వేషమున మూటలవలె నుండుటచే సిగ్గు నిమిషములో పోయినది. డిసెంబరు మంచు అంచులయందు కరగి నేల కనబడుచుండెను. నడుమ మాత్రము చాలినంత కలదు. బూటు చీలమండవద్ద బిగుతుగా నుండవలెను. బూటును బద్దకు పట్టియుంచు బిగింపును మన బరువునుబట్టి సరిచేయింపవలెను. అది బిగుసుకొనిపోయినచో పడినప్పుడు బద్ద ఊడిరాక మోకాలు మెలిపడును. నల్ల అద్దములు తప్పవు. క్రొత్తమంచు తనపై బడిన వెలుతురులో నూటికి ఎనుబది పాళ్లవఱకు తిరుగగొట్టును. దారిపొడవున బూట్లు కోట్లు అద్దెకిచ్చు అంగళ్లవారు, వాలుమీద బద్దలు తొడిగి అయిదు నిమిషములు ఫొటో తీయించు వారును చాలమంది కలరు. అది నేర్చుట కాదు.

మాకు నేర్పినది ఆ గ్రామపు పడుచు, ఇరువది యేండ్లుండవచ్చును. పదునెనిమిదేండ్లుగా బోర్డు ముందు నిలుచున్న మావారు ఆమె ముందు చేతులు కట్టుకొని నిలిచిరి. ఆమె మొదట జాఱుట నేర్పలేదు, ఆగుట నేర్పినది. బద్దల ముందుకొనలు దగ్గఱగా, మడమలు ఎడముగా నుంచి, లోపలి యంచులపై బరువు మోపవలెను. దీనికి నాగలి యని పేరు. మంచును బద్దలు గోకుచుండగా వేగము తగ్గి మనిషి ఆగును. భోగినాడంతయు ఇదియే పాఠము. పండుగనాడు పడుట, లేచుట. పడవలసివచ్చినచో ప్రక్కకు, కొండవైపునకు పడవలెను. లేచునప్పుడు బద్దలను వాలునకు అడ్డముగా పెట్టుకొనవలెను. సంక్రాంతినాడు మావారు పదునేడుమార్లు పడిరి. మేము లెక్కపెట్టితిమి. మావి వారు లెక్కపెట్టి, అంతకంటె ఎక్కువయని చెప్పిరి గాని మేమొప్పుకొనలేదు.

కనుమనాడు నూఱు గజముల వాలును ఒకరి వెనుక నొకరు దిగవలెను. మేము ముందు, మావారు వెనుక. సగము దిగిన పిదప మాకు బద్దలు ఒకదానిపై నొకటి యెక్కి, వాలునకు అడ్డముగా పడితిమి. పడినది కుడిభుజము మీదనే. నొప్పి లేదు గాని ఆ గట్టుదారి, బురద, చీకటి యన్నియు ఒక్కమారు కన్నులకు కట్టినవి. తలయెత్తి చూడగా మావారు నేరుగా మావైపే వచ్చుచున్నారు. వారి ముఖము పెండ్లినుండి తిరిగివచ్చిన రాత్రివలెనే యుండెను. మేము కేక వేయలేదు. కన్నులు మూసికొంటిమి.

మంచు గోకిన చప్పుడు వినవచ్చి, ముఖమున కొంచెము పొడి పడినది. కన్నులు తెఱచునప్పటికి వారి బద్దలకొనలు మా మోకాలికి జానెడు దూరమున నిలిచియున్నవి. మావారు తమ పాదములవంకనే చూచుచుండిరి. కొంతసేపటికి, "ఆగినాను" అనిరి. మఱియొక మాట లేదు. తెలుగు రాని ఆ పడుచు కూడ క్రిందినుండి చప్పట్లు కొట్టినది.

గుల్‌మార్గునకు పోయినచో ఈ మాట వినియుండెడివారము కామని మా నమ్మకము. పెద్దవాలున వారు ఆగుటకు వీలుండెడిది కాదు, మాకు పడుటకు ధైర్యముండెడిది కాదు. ఆ మధ్యాహ్నము మాకు చాలుననిపించి, ఒంటరిగా నడచి గదికి వచ్చితిమి. మావారు చీకటిపడువఱకు నిలిచి మఱల మఱల దిగుచు, మఱల మఱల ఆగుచుండిరి. మఱునాడు వశిష్ఠ గ్రామమున స్త్రీలకు వేఱుగా కట్టిన వేడినీటి కుండములో స్నానమాడి, సాయంకాలపు బస్సెక్కితిమి. 19వ తేదికి ఇల్లు చేరితిమి.

మీలో ఎవరైన ఇట్టి యాత్ర తలపెట్టినచో, ఎంత యెత్తునకు పోవుదుమని మొదట అడుగకుడు. ఇరువురిలో ఎక్కువ భయపడువారు ఎచట ఆగగలరో, ఎచటినుండి నడచి తిరిగి రాగలరో అడుగుడు. స్థలమును బసయు వానంతట అవియే తేలును. ఫోను చేయుపనిని మాత్రము మగవారికి విడువకుడు.

మాఘమాసమున ఒక ఆదివారము మావారు స్కూటరుపై కప్పిన గుడ్డ తీసి తుడిచిరి. ఆటపాకలో గూడబాతులు వచ్చినవట, చూచివత్తమా యనిరి. మేము చీర కొంగు బిగించుకొని వెనుక కూర్చుంటిమి. ఆ మలుపువద్ద ఎదురుగా చేపలలారీ వచ్చుచుండెను, దారి ఎప్పటివలె తడిసియుండెను. మావారు నెమ్మదిగా బండి నిలిపి, కాలు నేలమోపి, లారీ పోవువఱకు ఊరకుండిరి. పిదప వెనుకకు తిరిగి, దిగి నడచెదవా యని అడిగిరి.

"అక్కఱలేదు, పోనిండు" అంటిమి.